పాఠం: పిన్న వయసులో పెద్ద బాధ్యత

ఈ పాఠం చదివాక మీరు మన్సూర్ అలీ ఖాన్ పటౌడీ నాయకత్వ లక్షణాలను సొంత మాటల్లో చెప్పగలుగుతారు.

1961లో ఇంగ్లండులో జరిగిన కారు ప్రమాదంలో పటౌడీ కుడికన్ను దెబ్బతింది. అప్పటికి ఆయనకు 20 ఏళ్లు. ఒంటికంటితో బంతి దూరాన్ని అంచనా వేయడం కష్టం. అయినా సాధన మానలేదు. ఆ ఏడాది డిసెంబరులోనే భారత జట్టులో ఆడారు.

1962 మార్చిలో వెస్టిండీస్ పర్యటనలో కెప్టెన్ నారీ కాంట్రాక్టర్ తలకు బంతి బలంగా తగిలింది. ఉపనాయకుడైన పటౌడీ 21 ఏళ్లకే జట్టు పగ్గాలు చేపట్టారు. జట్టులో ఆయనకంటే వయసులో, అనుభవంలో పెద్దవారున్నారు.

అప్పట్లో మనకు మంచి ఫాస్ట్ బౌలర్లు కరువు. పటౌడీ ఉన్న బలాన్నే నమ్ముకున్నారు. అది స్పిన్. 1967లో బర్మింగ్‌హామ్ టెస్టులో ప్రసన్న, బేడీ, చంద్రశేఖర్, వెంకటరాఘవన్‌లను నలుగురినీ కలిపి ఆడించారు. ఆ టెస్టు ఓడిపోయాం. కాని 1968లో న్యూజిలాండులో 3-1 తేడాతో గెలిచాం. విదేశాల్లో మన తొలి సిరీస్ విజయం అదే. అందులో ప్రసన్న 24 వికెట్లు తీశారు.

పటౌడీ రంజీ పోటీల్లో హైదరాబాదు జట్టుకు కూడా ఆడారు. అక్కడ కెప్టెన్ జయసింహ. టెస్టుల్లో తన నాయకత్వంలో ఆడిన జయసింహ కిందే ఆయన సంతోషంగా ఆడారు.

పటౌడీ 40 టెస్టులకు నాయకత్వం వహించారు. గెలిచినవి 9, ఓడినవి 19.

కొత్త పదాలు
పగ్గాలు చేపట్టు = నాయకత్వం స్వీకరించు
కరువు = కొరత

మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి
1. పటౌడీ స్పిన్‌ను ఎందుకు నమ్ముకున్నారు?
2. గెలుపులకంటే ఓటములే ఎక్కువ. అయినా ఆయనను మంచి నాయకుడని అనవచ్చా? మీ పని అనుభవంతో పోల్చి అయిదు వాక్యాలు రాయండి.