విరిగిన ముక్కలు పారెయ్యకు



కాంపౌండింగ్ యూనిట్లో చేరి నెలైనా కాలేదు, అప్పుడే "రబ్బరు 20 శాతం వేశాను మామయ్యా, అయినా నైలాన్ పుటుక్కున విరుగుతోంది" అని రాశావు. నవ్వొచ్చింది రా. నీ వయసులో నేనూ అదే వెలగబెట్టాను. క్లిప్పుల ఆర్డరుకి నైలాన్ 6లో ఉత్త ఈపీడీఎం రబ్బరు కలిపి పంపేశాను. వారం తిరక్కుండా బస్తాలు వెనక్కొచ్చాయి. విరిగిన క్లిప్పుని గోటితో గీకితే ఉల్లిపొరలా ఊడొచ్చింది.

ఒకే హాపర్లో పోసినంత మాత్రాన రెండు పాలిమర్లు కలవవు. చాలా జతలు నూనే నీళ్లే. ఉత్త ఈపీడీఎం నైలాన్‌లో పెద్ద పెద్ద బొట్లుగా ఉండిపోతుంది, అంచు దగ్గర పట్టు ఉండదు. మాలేయిక్ ఎన్‌హైడ్రైడ్ గ్రాఫ్ట్ చేసిన రబ్బరు తెప్పించు. అది ఎక్స్‌ట్రూడర్ లోపలే నైలాన్ గొలుసు చివరి అమైన్‌తో ముడిపడుతుంది. బొట్లు మైక్రాన్ కంటే చిన్నవై, మళ్లీ ఒకదాన్నొకటి కలుపుకోకుండా నిలుస్తాయి. డ్యూపాంట్ వాళ్లు 1970ల్లో సూపర్ టఫ్ నైలాన్ తెచ్చింది ఈ దారినే. బొట్టుకీ బొట్టుకీ మధ్య నైలాన్ గోడ దాదాపు 0.3 మైక్రాన్ కంటే పలచబడితే పెళుసుదనం పోతుందని అక్కడి సౌహెంగ్ వూ 1985లో చూపించాడు. రబ్బరు శాతం కంటే ముందు నువ్వు చూడాల్సింది ఆ గోడనే.

అలాగని చిన్న బొట్టే గొప్పదని అన్నిటికీ అంటగట్టకు. హిప్స్‌లో, అంటే రబ్బరు కలిపిన పాలీస్టైరీన్‌లో, మరీ చిన్న బొట్లు పనికిరావు. ఒకటి రెండు మైక్రాన్లు ఉండాలి. హిప్స్ ముక్కని వంచి చూడు, మడత దగ్గర తెల్లగా పాలిపోతుంది. ఆ తెలుపంతా క్రేజులు, కంటికి ఆనని సన్నని చీలికలు. దెబ్బ బలాన్ని మింగేది అవే.

రబ్బరు పెంచుకుంటూ పోతే బిగువు తగ్గుతుంది. క్లిప్పు విరగదు, పట్టుకోదు కూడా. అదీ తిరిగొచ్చే సరుకే.

దెబ్బ పరీక్షలో వచ్చే ఐజోడ్ అంకె చూసి మురిసిపోకు. అచ్చులోంచి అప్పుడే తీసిన నైలాన్ వేరు, గాలిలో తేమ పీల్చింది వేరు. తేమ పీల్చినది దెబ్బకి ఎక్కువ ఓర్చుకుంటుంది. ఏది ఎప్పుడు తీశావో రాసి పెట్టుకో. గుళికలు మాత్రం మెషిన్లో పోసే ముందు బాగా ఆరాలి, లేకపోతే కరిగేటప్పుడు గొలుసులే తెగుతాయి.

విరిగిన ముక్కల్ని బ్యాచ్ నంబరు వేసి కవర్లలో దాచు. సంక్రాంతికి వచ్చేటప్పుడు నాలుగు పట్టుకురా. లెన్సు నా దగ్గరుంది.

మీ మామయ్య