చమురు తినే సూక్ష్మజీవులు

పిల్లలూ! పడవలు ఆగే ఏ రేవులోనైనా నీటి మీద రంగురంగుల పొర ఒకటి మెరుస్తూ ఉంటుంది. అది ఇంజన్ల నుంచి కారిన డీజిలు. మిన్నీ బే లాంటి చోట అలాంటి చమురు మడచెట్ల వేళ్లకు అంటుకుంటే, అక్కడ పెరిగే చేపపిల్లలకు ముప్పు. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి అండమాన్‌కు వచ్చి వేటతో బతుకుతున్న మన తెలుగు కుటుంబాలకు అది కూటికి సంబంధించిన సంగతి.

నీటిలో పడ్డ చమురు ఏమవుతుంది? కొంత ఆవిరవుతుంది. కొంత ఒడ్డుకు చేరి ఇసుకలో ఇంకుతుంది. చాలా భాగాన్ని బ్యాక్టీరియా మెల్లమెల్లగా తినేస్తుంది. చమురులో ముఖ్యంగా ఉండేవి కార్బన్, హైడ్రోజన్. మనకు అన్నం ఎలాగో ఈ జీవులకు అవి అలాగ. వీటిలో పేరున్నది ఆల్కానివోరాక్స్ బోర్కుమెన్సిస్. 1998లో శాస్త్రవేత్తలు దీనికి ఉత్తర సముద్రంలోని బోర్కుమ్ దీవి పేరు పెట్టారు. శుభ్రమైన నీటిలో ఇది చాలా తక్కువగా ఉంటుంది. చమురు పడితే వేగంగా పెరుగుతుంది. తిన్న చమురు చివరకు కార్బన్ డయాక్సైడుగా, నీరుగా మారుతుంది.

ఒక చిన్న ప్రయోగం చేద్దాం. గ్లాసు నీళ్లలో రెండు చుక్కల కొబ్బరినూనె వేసి కలపండి. నూనె మళ్లీ పైకి చేరుతుంది. ఇప్పుడు కాస్త సబ్బునీరు వేసి కలపండి. నూనె సన్నని బిందువులుగా విడిపోతుంది. ఈ బ్యాక్టీరియా కూడా సబ్బులాంటి పదార్థాన్ని తయారుచేసుకుని చమురును ఇలాగే విడదీస్తుంది. బిందువు చిన్నదైతే తినడం సులువు.

తిండి ఒక్కటే చాలదు. ఆక్సిజన్, నత్రజని, భాస్వరం కూడా కావాలి. అందుకే 1989లో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ నుంచి చమురు ఒలికినప్పుడు అలాస్కా తీరంలో ఎరువులు చల్లారు. 2017 జనవరిలో చెన్నై దగ్గర ఎన్నూరులో రెండు ఓడలు ఢీకొన్నప్పుడు, తీరానికి చేరిన చమురు ముద్దను జనం బకెట్లతో తోడారు. తోడిన ముద్దను తరువాత బ్యాక్టీరియాతో శుద్ధి చేశారు. పోర్ట్ బ్లెయిర్‌లోనూ కేంద్రం ఉన్న జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ, గోధుమ పొట్టు మీద సముద్రపు బ్యాక్టీరియాను నిలిపి చమురును తినిపించే పద్ధతిని రూపొందించింది.

అయితే ఎన్నూరులో ముందు పనిచేసినవి మనుషుల చేతులే. చిక్కటి ముద్దను తినడానికి బ్యాక్టీరియాకు నెలలు పడుతుంది. అంతవరకు చేపలు ఆగలేవు. బదిలీ మీద మీరు రేపు ఏ తీరానికి వెళ్లినా ఈ జీవులు అక్కడ ఉంటాయి. చమురు ఒలకకుండా చూడడం మాత్రం మన పని అని మేము మళ్లీ మళ్లీ చెబుతాం.

ఆలోచించండి:
1. చమురును చిన్న బిందువులుగా విడదీస్తే బ్యాక్టీరియాకు ఎందుకు సులువు?
2. అలాస్కా తీరంలో ఎరువులు ఎందుకు చల్లారు?
3. మీ ఇంటి బండికి ఆయిల్ మార్చినప్పుడు పాత ఆయిల్ ఎక్కడికి పోతోంది? అడిగి తెలుసుకుని రాయండి.