బతుకమ్మ వంటలు: ఇంటి పాలు, సంఘం పాలు



పెత్తరమాస నాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై తొమ్మిదో నాడు సద్దుల బతుకమ్మతో ముగిసే పండుగ మన సిద్దిపేట ప్రాంతంలో ప్రతి ఇంటి పండుగ. కోమటి చెరువు గట్టున ఆడేవారైనా, ఊరి చెరువు దగ్గర ఆడేవారైనా బతుకమ్మ వెంట పళ్ళెంలో ఫలహారం తీసుకుపోవలసిందే. 2014లో దీనిని తెలంగాణ రాష్ట్ర పండుగగా ప్రకటించారు. అయితే పాడి ఉన్న ఇంటికి ఈ తొమ్మిది రోజులూ ఒక చిక్కు కూడా వస్తుంది. ఇంట్లో పాలు, పెరుగు, నెయ్యి ఎక్కువ కావాలి. సంఘానికి పోసే పాలు తగ్గకూడదు. ఈ రెండింటినీ ఎట్లా సరిపెట్టుకోవాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

పండుగలో పాడికి ఉన్న చోటు

తొమ్మిది రోజుల నైవేద్యాలను వరుసగా చూడండి. మూడో నాడు ముద్దపప్పు బతుకమ్మకు ముద్దపప్పు, పాలు, బెల్లం. నాలుగో నాడు నానబియ్యం బతుకమ్మకు నానబెట్టిన బియ్యం, పాలు, బెల్లం. ఆరో నాడు అలిగిన బతుకమ్మ, ఆ రోజు నైవేద్యం ఉండదు. ఎనిమిదో నాడు వెన్నముద్దల బతుకమ్మ, ఆ రోజు వెన్న, నువ్వులు, బెల్లం. తొమ్మిదో నాడు సద్దులలో పెరుగన్నం, దానితో పాటు నెయ్యి కలిపిన మలీద ముద్దలు. అంటే మన పెద్దలు పాడిపంటలను పక్కపక్కనే పెట్టి పండుగ చేసుకున్నారు. అట్లాంటి పండుగకు పాడి రైతు ఇంట్లోనే బజారు నెయ్యి కొనుక్కోవలసి రావడం బాధాకరం.

కొందరు సభ్యులు ఉన్న పాలన్నీ సంఘానికి పోసి, వచ్చిన డబ్బుతో ఊరూ పేరూ లేని నెయ్యి కొంటారు. మరికొందరు పండుగ పూట పాలపై మీగడ తీసుకుని మిగిలిన పాలు సంఘానికి పోస్తారు. రెండూ నష్టపు పనులే. ఎందుకో చూద్దాం.

మీగడ తీసిన పాలతో లాభం లేదు

బర్రె పాలలో వెన్న సుమారు 7 శాతం ఉంటుందనుకోండి. ఒక లీటరు పాలు సుమారు 1,030 గ్రాములు తూగుతాయి. 5 లీటర్లు పోస్తే అందులో దాదాపు 360 గ్రాముల వెన్న ఉంటుంది. మీగడ తీసి 5 శాతం వెన్న ఉన్న పాలు పోస్తే 258 గ్రాములే సంఘానికి చేరుతుంది. సంఘం ధర కట్టేది వెన్న శాతాన్ని, వెన్నేతర ఘనపదార్థాలను చూసి కాబట్టి ఇంట్లో దాచుకున్న ఆ 100 గ్రాముల వెన్న డబ్బు బిల్లులో తగ్గిపోతుంది. పోనీ తగ్గేది మన బిల్లే కదా అని కూడా అనుకోవద్దు. అందరి పాలూ ఒకే క్యానులో కలుస్తాయి. కేంద్రంలో ఆ క్యానుకు చేసే పరీక్షలో వెన్న తగ్గితే సంఘం మొత్తానికి మచ్చ.

లాక్టోమీటరును తప్పించుకోవచ్చని కొందరు అనుకుంటారు. వెన్న నీటికంటె తేలిక. మీగడ తీస్తే పాలు చిక్కబడినట్టు లాక్టోమీటరు రీడింగు పెరుగుతుంది. అందులో నీళ్ళు పోస్తే మళ్ళీ తగ్గి మామూలుగా కనిపిస్తుంది. లాక్టోమీటరు ఒక్కటే సరిపోదని, ప్రతి సభ్యుని పాలకు వెన్న పరీక్ష కూడా చేయాలని మేము పదే పదే చెప్పేది ఇందుకే. ఆ పరీక్షలో మీగడ తీసిన సంగతి దాగదు.

ముందుగా నెయ్యి కూడబెట్టండి

మరి దారి ఏమిటి? పాలు ఒక పూట దాటితే నిలవవు. పెరుగు రెండు రోజులకు పులుస్తుంది. కాని సరిగా కాచిన నెయ్యి నెలల తరబడి నిలుస్తుంది. కాబట్టి పండుగ అవసరాన్ని పండుగ వారంలోనే తీర్చుకోవాలని చూడకుండా కొన్ని వారాల ముందు నుంచే పంచుకోవాలి.

రోజుకు 6 లీటర్లు ఇచ్చే పాడి ఉన్న ఇల్లు, 1 లీటరు ఇంటికి ఉంచుకుని 5 లీటర్లు సంఘానికి పోస్తున్నదనుకుందాం. పండుగకు 8 లీటర్ల పాల నెయ్యి కావాలి. ఆ పాలలో దాదాపు 577 గ్రాముల వెన్న ఉంటుంది. కవ్వంతో చిలికినప్పుడు కొంత మజ్జిగలో పోతుంది గనుక అరకిలోకు కొంచెం తక్కువగా నెయ్యి వస్తుంది. పండుగ 8 రోజుల్లోనే రోజుకు 1 లీటరు ఆపితే, 100 మంది సభ్యులున్న సంఘానికి రోజుకు 100 లీటర్లు తగ్గుతాయి. అదే 16 రోజుల ముందు నుంచి రోజుకు అర లీటరు ఆపితే తగ్గేది 50 లీటర్లు. నెల రోజుల ముందు నుంచి పావు లీటరు చొప్పున ఆపితే తగ్గేది 25 లీటర్లే. వచ్చే నెయ్యి మాత్రం దాదాపు అంతే. ఎన్ని పాలు ఆపదలచుకున్నారో ముందుగానే సంఘం కార్యదర్శికి చెప్పండి. ఆపిన పాలు ఆపండి. పోసిన పాలు మాత్రం పిండినవి పిండినట్టే పోయండి.

వెన్న తీసే పద్ధతి

పాలను బాగా పొంగించి, గోరువెచ్చగా అయ్యాక తోడు వేయండి. రెండు రోజుల పెరుగు కలిపి మూడో నాడు తెల్లవారుజామున, చల్లని పూట చిలకండి. వెన్న మెత్తబడి చేతికి రాకపోతే చల్లని నీళ్ళు పోయండి. తీసిన వెన్నను మంచి నీళ్ళతో, నీరు తేటగా వచ్చేదాకా రెండు మూడు సార్లు కడగండి. మజ్జిగ మిగిలితే వెన్న త్వరగా కంపు కొడుతుంది. కళాయి లేని రాగి, ఇత్తడి పాత్రల్లో పెరుగు, మజ్జిగ ఉంచవద్దు. వెన్న తీసిన మజ్జిగను పారబోయవద్దు. పాలలోని మాంసకృత్తులు అందులోనే ఉంటాయి. పిల్లలకు, పెద్దలకు అది మంచి బలం.

వెన్నను సన్నని సెగమీద కాచండి. మొదట చిటపటలాడుతూ నురుగు వస్తుంది. అది వెన్నలోని నీరు పోతున్న గుర్తు. చప్పుడు తగ్గి, అడుగున గసి లేత గోధుమ రంగుకు వచ్చి, నెయ్యి తేటగా కనిపించగానే దించండి. నల్లబడేదాకా ఉంచితే చేదు వస్తుంది. ముందుగా దించితే నీరు మిగిలి నిలవ ఉండదు. కొంత చల్లారాక వడకట్టి, తడి లేని పాత్రలో పోసి మూత పెట్టండి. తడి గరిటె ముంచవద్దు. కాచేటప్పుడు పిల్లలను పొయ్యి దగ్గరికి రానీయవద్దు.

ఎనిమిదో నాటి వెన్నముద్దలకు మాత్రం ఆ ఉదయమే తీసిన తాజా వెన్న కావాలి. ఆరో నాడు, ఏడో నాడు తోడు వేసిన పెరుగు అందుకు చాలు.

మూడు వంటలు, మూడు మెలకువలు

మలీద ముద్దలు: అరకిలో గోధుమ పిండితో రొట్టెలు కాల్చి, వేడి మీదనే చేత్తో నలిపి, పావుకిలో తురిమిన బెల్లం, 100 గ్రాముల కరిగిన నెయ్యి కలిపి ముద్దలు కట్టండి. రొట్టె చల్లారితే బెల్లం కలవదు, ముద్ద నిలవదు.

పాయసం: బెల్లం వేయగానే పాలు విరిగిపోయాయని చాలామంది బాధపడతారు. బెల్లంలో కొంత పులుపు గుణం ఉంటుంది. మరిగే పాలలో వేస్తే విరుగుతాయి. బియ్యం, పాలు బాగా ఉడికాక దించి, కొంత వేడి తగ్గిన తరువాత కరిగించి వడపోసిన బెల్లం కలపండి. కలిపాక మళ్ళీ పొయ్యి మీద పెట్టవద్దు.

సద్దుల పెరుగన్నం: పొద్దున కలిపి సాయంత్రం చెరువు గట్టున తింటాం కాబట్టి పులిసిపోతుంది. మెత్తగా ఉడికిన అన్నాన్ని మెదిపి, కాచి చల్లార్చిన పాలు ఎక్కువగా, పెరుగు కొద్దిగా కలపండి. సాయంత్రానికి పాలు తోడుకుని అన్నం కమ్మగా ఉంటుంది. వేడి అన్నంలో పెరుగు కలపవద్దు.

బజారులో కొనవలసి వస్తే

కోవా కొంటే కొంచెం నీళ్ళలో వేసి మరిగించి, చల్లార్చి, మందుల దుకాణంలో దొరికే టింక్చర్ అయోడిన్ ఒక చుక్క వేయండి. నీలి రంగు వస్తే పిండి కలిసినట్టు. నెయ్యిలో వనస్పతి కల్తీని మాత్రం ఇంట్లో కనిపెట్టడం కష్టం. ప్రయోగశాలలో దానిని పట్టుకునేందుకు వీలుగానే వనస్పతిలో నువ్వుల నూనె తప్పక కలపాలని చట్టంలో నియమం పెట్టారు. కాబట్టి కొనవలసి వస్తే ముద్ర వేసిన పొట్లాన్నే, తయారీ తేదీ చూసి కొనండి.

దూడ వాటా

వానాకాలం చివరి నుంచి చలికాలం దాకా మన బర్రెలు ఎక్కువగా ఈనుతాయి. అందుకే పండుగకు జున్ను కూడా తోడవుతుంది. అయితే జున్ను పాలు మొదట దూడవి. ఈనిన గంట లోపలే దూడకు తాపించాలి. మొదటి రోజుల్లో దూడ బరువులో పదో వంతు పాలు దానికి దక్కాలి. 30 కిలోల దూడకు రోజుకు 3 లీటర్లన్నమాట. దూడకు రోగాలను తట్టుకునే శక్తి ఆ పాలతోనే వస్తుంది. మిగిలిన దానితోనే ఇంటికి జున్ను. ఈనిన తొలి 5 రోజుల పాలు సంఘానికి పోయరాదు. వేడి తగలగానే అవి గడ్డకట్టి, కలిసిన క్యానంతా పాడవుతుంది. మందు సూదులు వేసిన పశువు పాలను కూడా డాక్టరు చెప్పిన గడువు దాటేదాకా వేరుగా ఉంచండి.

పండుగ రోజుల్లో ఇంకొక జాగ్రత్త. సాయంత్రం ఆట హడావుడిలో పాలు ఆలస్యంగా తెస్తే పులుస్తాయి. పులిసిన ఒక్క చెంబు పాలు క్యానెడు పాలను విరగ్గొడతాయి. సద్దుల నాడు సేకరణ వేళను అరగంట ముందుకు జరుపుకుందామా అని సంఘం ముందుగానే నిర్ణయించి చాటింపు వేయించడం మంచిది.

సంఘం సమావేశంలో చర్చించండి

1. మన సంఘంలో పండుగ రోజుల్లో పాలు ఎంత తగ్గుతున్నాయి? గత ఏడాది పుస్తకం చూడండి.

2. మీగడ తీసి నీళ్ళు కలిపితే లాక్టోమీటరు ఎందుకు పట్టుకోలేదు?

3. ప్రతి ఇల్లు నెల రోజుల ముందు నుంచి నెయ్యి కూడబెట్టుకుంటే సంఘానికి, ఇంటికి కలిగే మేలు ఏమిటి?

పాడి ఉన్న ఇంట్లో బిడ్డలకు పండుగ పూట ఇంటి వెన్న దక్కాలి. సంఘం క్యానులో మంచి పాలు నిండాలి. ముందుచూపు ఉంటే ఈ రెండూ ఒకే బర్రె పాలతో సాధ్యమే. సభ్యులందరికీ బతుకమ్మ, దసరా శుభాకాంక్షలు.