ఆదోని కొండ: కథయెంత, చరిత్రయెంత

తుంగభద్ర దిగువ కాలువ నీటితో సేద్యము చేయు కర్నూలు జిల్లా పడమటి గ్రామములవారికి ఆదోని కొండను క్రొత్తగా చూపనక్కరలేదు. ప్రత్తి బండ్లతో మార్కెటుకు పోయిన పెద్దలందరును దానిని ఎరుగుదురు. అయినను దానిని గూర్చి వినవచ్చు మాటలలో కథను, చరిత్రను విడదీసి చూచినవారు తక్కువ.

కోట అయిదు కొండలపై వ్యాపించియున్నది. వానిలో బారాకిల్లా, తాలిబండ అనునవి మైదానము నుండి సుమారు 800 అడుగుల ఎత్తు. మూడువేల యేండ్ల క్రిందట బీదరు రాజు భీమసింహుని కాలమున చంద్రసేనుడనువాడు ఈ ఊరికి పునాది వేసెనని చెప్పుదురు. దీనిని కథగానే వినవలెను. విజయనగర రాజులకు ఇది గట్టి దుర్గమనుట మాత్రము చరిత్ర. 1568లో అది బిజాపురము వారి వశమయ్యెను. ఒకదాని వెనుక నొకటిగా పదునొకండు గోడలుండెడివని ఫెరిష్తా వ్రాసినాడు.

గోడలకంటె నీరే ఈ కోటకు ప్రాణము. కొండ నడుమ బండల మధ్య ఒక చెరువు కలదు. అది ఎన్నడును ఎండదని ప్రతీతి. బావులెండు ఈ సీమలో పైనున్న సేనకు అంతకుమించిన బలమేమున్నది? క్రిందనున్న రైతుకు ఆ నీరును లేదు, ఆ గోడల చాటును లేదు. ఏ రాజు గెలిచినను ముట్టడి నష్టము అతనిదే.

1688లో ఔరంగజేబు సేనాని ఫిరోజ్ జంగ్ ముట్టడింపగా సిద్ది మసూద్‌ఖాన్ లొంగిపోయెను. ఇది చరిత్ర. ఏల లొంగెననునది కథ. తాను కట్టించిన జామియా మసీదు అతనికి ప్రాణసమానమనియు, శత్రువు ఫిరంగులను దానివైపు త్రిప్పించగా చూడలేక కోటను అప్పగించెననియు అందురు. రుజువు చేయజాలము గాని, మసీదు నేటికిని నిలిచియున్నది.

1786లో టిప్పు సుల్తాను నెల దినములు ముట్టడించి కోటను గెలిచి, గోడలు పడగొట్టించి, ఫిరంగులను గుత్తికి తరలించెను. 1800లో నిజాము ఈ సీమను కుంపిణీవారికి దత్తము చేసెను. బళ్ళారి జిల్లాలోనుండిన ఆదోని 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రములో చేరినది.

ఇట్టి కథలు మీ గ్రామములలోను కలవు. వానిని పెద్దలచేత చెప్పించి, చెప్పినవారి పేరు, తేదీ వేసి పంచాయతి కార్యాలయమున వ్రాయించి ఉంచుడు. పాత కోటరాళ్ళను దొడ్డి గోడలకు తరలనీయకుడు. శాసనమున్న రాతికి పండుగకు సున్నము కొట్టించు వాడుక కొన్నిచోట్ల కలదు. పొరమీద పొర పడినచో అక్షరములు చదువుటకు వీలుపడదు.