సొంత మీటరున్న ఇల్లే తీసుకో

నంద్యాల

చిరంజీవి పాపకు,

నువ్వు ఫోన్లో అడిగిన దానికి బస్సు చప్పుడులో సరిగ్గా చెప్పలేకపోయాను. లెక్కలతో కూడిన సంగతి కాబట్టి కాగితం మీద పెడితేనే మేలని రాస్తున్నాను.

డల్లాస్‌లో ఉండే మీ అన్న కరెంటు కంపెనీని తనే ఎంచుకుంటాడంట, నేను టీచరుగా చేరిన ఆత్మకూరులో ఏ కంపెనీ చవక చిన్నాయనా అని కదా నీ ప్రశ్న. ఆత్మకూరులో ఉన్నది ఒక్కటే, తిరుపతి కేంద్రంగా నడిచే దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ. నేను కరెంటు ఉద్యోగంలో చేరినప్పుడు అది ఏపీఎస్ఈబీ, అంటే రాష్ట్ర విద్యుత్ బోర్డు. 1999లో బోర్డును విడగొట్టారు, 2000లో డిస్కంలు, అంటే పంపిణీ కంపెనీలు వచ్చాయి, మన కర్నూలు జిల్లా హైదరాబాదు కంపెనీ కిందకు పోయింది. 2014లో రాష్ట్రం విడిపోయినాక తిరుపతి కిందకు వచ్చింది. ఆఫీసు బోర్డు మీద పేరు మారింది గానీ స్తంభమూ తీగా అవే, మీటరు చూడడానికి వచ్చే మనిషీ ఆ మనిషే. 2003 విద్యుత్ చట్టం వేరే చోట కరెంటు కొనుక్కునే వీలు కల్పించింది, కాని ఆ వీలు పెద్ద ఎత్తున వాడే ఫ్యాక్టరీల్లాంటి వాటి కోసం. ఫ్యాను, ఫ్రిజ్ పెట్టుకునే ఇంటికి అది వర్తించదు.

నీకు దగ్గర్లోనే శ్రీశైలం కుడిగట్టున 770 మెగావాట్ల కేంద్రం ఉంది. గని, శకునాల దిక్కు 1000 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. పక్కనే పుడుతోంది కదా అని మనకు రేటేమీ తగ్గదు. శ్రీకాకుళానికీ ఆత్మకూరుకీ ఒకటే ధర. ఆ ధర నిర్ణయించే విద్యుత్ నియంత్రణ మండలి ఆఫీసు హైదరాబాదు నుంచి మన కర్నూలుకే వచ్చింది, దిన్నెదేవరపాడు రోడ్డులో ఉంది. ఏటా కొత్త రేట్లు ఇచ్చే ముందు జనం అభ్యంతరాలు వింటారు. ఎవరైనా రాసి ఇవ్వొచ్చు. టీచరువి, నువ్వు రాయగలవు, రాయాలి కూడా.

మీ అన్నను చూసి మనకు ఎంపిక లేదే అని బాధపడొద్దు. టెక్సాస్‌లో 2002 నుంచి ఆ పద్ధతి నడుస్తోంది. అక్కడ చానా ప్లాన్లలో నెలకు 1000 యూనిట్లు దాటితేనే తగ్గింపు ఇస్తారు. ఒంటరిగా ఉండి తక్కువ వాడేవాళ్ళకు యూనిట్ ధర ఎక్కువ పడుతుంది. 2021 ఫిబ్రవరి మంచు తుపానప్పుడు, టోకు ధరకే కరెంటు అని చేరినవాళ్ళకు వేల డాలర్ల బిల్లులు వచ్చాయి. మన దగ్గర లెక్క దానికి తలకిందులు. తక్కువ వాడేవాడికే తక్కువ రేటు. ఇది మనకు దొరికిన మంచి సదుపాయం పాపా, దాన్ని చేజేతులా పోగొట్టుకోకుండా చూసుకోవడమే నీ పని.

ఆ రేట్లు రాస్తున్నాను, డైరీలో ఎక్కించుకో. 2022 ఏప్రిల్లో పెట్టినవే 2025-26లోనూ ఉన్నాయి. మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1.90 రూపాయలు. 31 నుంచి 75 దాకా 3.00. 76 నుంచి 125 దాకా 4.50. ఆపైన 225 దాకా 6.00, 400 దాకా 8.75, అది దాటితే 9.75. 76వ యూనిట్ కాలితే ఆ ఒక్క యూనిట్‌కే 4.50 పడుతుంది, ముందువాటి రేటు మారదు. అంతకుముందు గ్రూపులుండేవి, గీత దాటితే ముందు యూనిట్ల రేటు కూడా పెరిగేది. ఇప్పుడా భయం లేదు. 75 యూనిట్లు వాడితే 192 రూపాయలు. దాని మీద ఫిక్స్‌డ్ చార్జీ కిలోవాట్‌కు 10 రూపాయలు, సుంకం యూనిట్‌కు 6 పైసలు, కస్టమర్ చార్జీ, సర్దుబాటు చార్జీ వస్తాయి. సర్దుబాటు ఒక్కో ఏడాది ఒక్కో తీరుగా ఉంటుంది.

ఇక నువ్వు చూసిన రెండు ఇళ్ళ సంగతి. మూడు పోర్షన్ల మిద్దెలో నడిమి పోర్షన్‌కు బాడిగ 300 తక్కువ, కరెంటు మాత్రం సబ్ మీటరు, యూనిట్‌కు 9 రూపాయలు అన్నావు. రెండోదానికి సొంత సర్వీసు ఉంది. మొదటి ఇంట్లో చేరితే నీకు కరెంటు అమ్మేది డిస్కం కాదు, ఇంటాయన. నువ్వు అడిగిన ఎంపిక ఇక్కడే ఉంది, కంపెనీల్లో కాదు.

మూడు పోర్షన్లకూ ఒకటే మీటరుంటే ఏమవుతుందో చూడు. ఇంటికి 100 యూనిట్ల చొప్పున మూడిళ్ళూ 300 కాలుస్తాయనుకో. వేరువేరు మీటర్లుంటే ఒక్కో ఇంటికి 304.50, మూడిళ్ళకూ కలిపి 913.50. ఒకటే మీటరు మీద పడితే 1673.25. ఎవరూ ఎక్కువ వాడలేదు, ఎవరూ దొంగతనం చేయలేదు, అయినా 760 రూపాయలు అదనం. ముగ్గురు తక్కువ వాడేవాళ్ళు కలిసి ఒక ఎక్కువ వాడేవాడి కింద లెక్కలోకి పోయారు. ఆ లెక్కన చూసినా ఇంటాయనకు సగటున యూనిట్ ఆరు రూపాయల లోపే పడుతుంది. మోటరు, మెట్ల లైటు, సర్దుబాటు చార్జీ అన్నీ కలుపుకున్నా తొమ్మిది ఎక్కువే. 75 యూనిట్లకు ఆయనకు 675 కడతావు. సొంత మీటరు మీద పైచార్జీలతో కలిపినా దానికి సగం కూడా రాదు. బాడిగలో మిగిలే 300 కన్నా ఇక్కడ పోయేదే ఎక్కువ.

అందుకని రెండోదే తీసుకో. మొదటిదే బడికి దగ్గర, మనసు దానిమీదే ఉంది అంటే ఇంటాయనను మర్యాదగా అడుగు. వేరే వంటిల్లు, వేరే వాకిలి ఉన్న పోర్షన్‌కు వేరే సర్వీసు తీసుకోవచ్చు, దరఖాస్తు ఆయన పేరు మీదే పెట్టుకోవచ్చు. ఒకసారి ఖర్చు ఉంటుంది, కాని ఇల్లు ఆయనదే కాబట్టి అది ఆయన ఆస్తికే చేరుతుంది. ఆ మాట నువ్వు చెప్పలేకపోతే నేను వచ్చి చెప్తాను.

సొంత మీటరున్న ఇల్లయినా చేరేముందు ఒక పని చెయ్యి. లోపల మెయిన్ దించి మీటరు దగ్గరకు పో. మీటరు మీద చిన్న ఎర్ర లైటు ఉంటుంది, కరెంటు కాలేకొద్దీ మిణుకుమిణుకుమంటుంది. దాని పక్కనే 3200 అనో, ఇంకో సంఖ్యో రాసుంటుంది. అన్నిసార్లు వెలిగితే ఒక యూనిట్ అని అర్థం. మెయిన్ దించినాక కూడా అది వెలిగి ఆరుతుంటే మీటరుకూ నీ మెయిన్‌కూ నడుమ ఇంకెవరి తీగో ఉంది. నేను లైన్ మీద తిరిగినన్నాళ్ళూ ఇలాంటివి చూశాను. పక్క పోర్షన్ బోరు మోటరు, కింద కొట్టు ఫ్రిజ్, కొన్నిసార్లు ఇంటాయనకే తెలియకుండా వైరింగ్ చేసినవాడు కలిపేసినవి. లైటు కదలకుండా ఉంటేనే అడ్వాన్స్ గురించి మాట్లాడు. పాత బిల్లు అడిగి తీసుకుని బకాయి గడి చూడు, పోయినవాళ్ళ బాకీ సర్వీసు మీదే ఉండిపోతుంది. కేటగిరీ దగ్గర ఒకటి అని ఉండాలి. ముందు గదిలో ఎప్పుడో కొట్టు నడిపి ఉంటే రెండు అని ఉంటుంది, అది వ్యాపార రేటు.

వంటకు గ్యాసా, కరెంటు పొయ్యా అని మీ అమ్మ అడిగింది. నీ ఒక్కదానికైతే కరెంటు పొయ్యే చవక. 14.2 కిలోల బండ ఇచ్చే వేడికి ఇండక్షన్ పొయ్యి మీద సుమారు 130 యూనిట్లు పడతాయి. నీకు రోజుకు ఒక యూనిట్ చాలు కాబట్టి అది నాలుగు నెలల వంట. మూడు రూపాయల రేటులో ఉంటే 390, నాలుగున్నర రేటులోకి పోయినా 585. బండ ధర దీనికన్నా బాగా ఎక్కువ. పైగా కొత్త కనెక్షన్‌కు 2,200 డిపాజిట్. దీపం-2 కింద ఏడాదికి మూడు బండలు ఉచితమే గానీ అవి రైస్ కార్డు ఉన్న ఇళ్ళకు. ప్రభుత్వ ఉద్యోగివి, నీకు రావు. అదే మీ అమ్మావాళ్ళింట్లో నలుగురున్నారు, ఇప్పటికే 150 యూనిట్లు దాటుతున్నారు, వాళ్ళకు కరెంటు వంట ఆరు రూపాయల రేటులో పడుతుంది. సర్దుబాటు చార్జీ కూడా కలిస్తే మారినందువల్ల పెద్దగా మిగలదు, నిన్ను చూసి మార్చొద్దని చెప్పు. కరెంటు పోయిన పూటకు ఐదు కిలోల చిన్న బండ ఒకటి ఉంచుకో. కిలో లెక్కన ధర ఎక్కువే, కాని దాన్ని వాడేది తక్కువ.

ఇండక్షన్ పొయ్యికి పెద్ద పిన్ను, 16 ఆంపియర్ల సాకెట్ కావాలి. చిన్న ప్లగ్గుకు అడాప్టర్ తగిలించి వాడితే కాలుతుంది, ఆ పని చేయొద్దు. సర్వీసు లోడు ఒక కిలోవాటే ఉంటే రెండుకు పెంచమని అడుగు. నెలకు పది రూపాయలు పెరుగుతుంది, డిపాజిట్, అభివృద్ధి చార్జీ ఒకసారి కట్టాలి.

ఆత్మకూరు ఎండల్లో ఫ్యాను రోజుకు ఇరవై గంటలు తిరుగుతుంది. పాతరకం ఫ్యాను 75 వాట్లు, నెలకు 45 యూనిట్లు. కొత్తగా వచ్చే బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లకు అటూ ఇటూ, నెలకు 18. అక్కడ మిగిలే 27 యూనిట్లతో నీ వంట దాదాపు జరిగిపోతుంది. అందుకే మొదటి జీతంలో మిక్సీ కన్నా ముందు ఈ ఫ్యాను కొనుక్కోమంటాను. ఇల్లు మారినా ఊడదీసుకుని పోవచ్చు.

మిద్దె మీద సోలార్ పెట్టిస్తే బిల్లే ఉండదని మీ బడిలో ఎవరో చెప్పారన్నావు. సూర్యఘర్ పథకం మంచిదే, కిలోవాట్‌కు 30,000, రెండింటికి 60,000, మూడు, ఆపైన అయితే 78,000 సబ్సిడీ. అయితే అది 8.75 రేటులో ఉన్నవాళ్ళకు గిట్టుతుంది. నీ బిల్లు మొత్తం నిలిపేసినా ఏడాదికి మిగిలేది మూడు వేలకు అటూ ఇటూ, సబ్సిడీ పోను చేతి నుంచి పెట్టాల్సింది అంతకు ఎన్నో రెట్లు. బాడిగ ఇంటికి అసలు వద్దు.

నెలనెలా బిల్లు రాగానే మీటరు మీది అంకెతో సరిచూడు. తేడా ఉంటే 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసిపెట్టుకో. నంబరు లేని ఫిర్యాదును ఎవరూ పట్టించుకోరు. నెలలో పని జరగకపోతే తిరుపతిలో ఉన్న విద్యుత్ వినియోగదారుల ఫిర్యాదుల ఫోరంకు రాయొచ్చు, దానికి వకీలు అక్కర్లేదు, ఖర్చూ లేదు. ఎట్లా రాయాలో నేను చెప్తాను.

వచ్చే ఆదివారం పొద్దున బస్సుకు వస్తున్నాను. రెండు ఇళ్ళూ కలిసి చూద్దాం. ఈలోపల రెండో ఇంటివాళ్ళ పాత బిల్లు ఒకటి ఫోటో తీసి పంపు. నేను వచ్చేదాకా ఎవరికీ అడ్వాన్స్ ఇవ్వొద్దు.

మీ చిన్నాయన