నాన్నకు పడింది బిడ్డకు పడదు

"ఇరవై ఏండ్ల నుంచి మందు కొడుతున్నా, నాకేమైంది?" చేవెళ్ల, మొయినాబాద్ తోటల్లో ఏ రైతును కదిలించినా వచ్చే మాట ఇది. ఆ తండ్రి అబద్ధం చెప్పడం లేదు. తన ఒంటి సంగతే చెప్తున్నాడు. కానీ గట్టు మీద ఆడుకుంటున్న మూడేండ్ల బిడ్డ ఒంటికి ఆ లెక్క పనికిరాదు. ఆ బిడ్డ రక్తం వేరు, వయసు వేరు.

వంగకు, క్యాబేజీకి కొట్టే పురుగుమందు క్లోరిపైరిఫాస్‌నే తీసుకుందాం. ఒంట్లోకి పోయిన మందును కాలేయం ఆక్సాన్ అనే రూపంలోకి మారుస్తుంది. అసలు మందుకంటే ఈ ఆక్సానే పెద్ద విషం. నరం పంపిన సంకేతాన్ని పని కాగానే చెరిపేసే ఎంజైమ్ ఒకటి మనలో ఉంది. ఆక్సాన్ దాన్ని పట్టి బంధిస్తుంది. ఇక సంకేతం ఆగదు. నోట్లో చొంగ, ఒళ్లంతా చెమట, వాంతులు, కంటిపాప సూదిమొనంత కావడం, ఆఖరికి ఊపిరి అందకపోవడం అందుకే. ఆక్సాన్ నరాల దాకా చేరకముందే రక్తంలో దాన్ని విరగ్గొట్టే ఎంజైమ్ పేరు పారాక్సోనేజ్-1. ఇది కాలేయంలో తయారై, మనం మంచి కొలెస్ట్రాల్ అని పిలిచే కణాలను అంటిపెట్టుకుని రక్తంలో తిరుగుతుంటుంది.

దీని జన్యువు ఏడో క్రోమోజోము మీద ఉంది. ఎంజైమ్‌లో 192వ స్థానంలో కొందరికి గ్లుటమిన్ ఉంటుంది, కొందరికి ఆర్జినిన్. ఆర్జినిన్ రకం క్లోరిపైరిఫాస్ ఆక్సాన్‌ను చురుగ్గా విరగ్గొడుతుంది. అదే జన్యువు ముందు భాగంలో ఉండే మరో తేడా వల్ల ఒకరిలో ఈ ఎంజైమ్ ఎక్కువ తయారైతే, ఇంకొకరిలో తక్కువ తయారవుతుంది. బిడ్డకు ఒక ప్రతి తల్లి నుంచి, ఒక ప్రతి తండ్రి నుంచి వస్తుంది. తండ్రిలో ఉన్న చురుకైన ప్రతే బిడ్డకు రావాలని లేదు. ఒకే కడుపున పుట్టిన అన్నకూ చెల్లెకూ కూడా తేడా ఉండొచ్చు.

జన్యువు సంగతి అటుంచి, వయసు ఇంకా పెద్ద విషయం. కాలిఫోర్నియాలోని సాలినాస్ లోయ కూడా మన చేవెళ్ల లాగే కూరగాయల సీమ. అక్కడ పొలాల్లో చేసేది ఎక్కువగా మెక్సికో నుంచి వచ్చిన కూలీ కుటుంబాలు. 1999, 2000 సంవత్సరాల్లో బర్క్‌లీ విశ్వవిద్యాలయానికి చెందిన బ్రెండా ఎస్కెనాజీ బృందం అక్కడి గర్భిణులను అధ్యయనంలో చేర్చుకుని, పుట్టిన పిల్లలను ఏళ్ల తరబడి గమనిస్తూ వచ్చింది. వారిలో 130 మంది తల్లుల రక్తాన్ని, వారి శిశువుల రక్తాన్ని క్లెమెంట్ ఫర్లాంగ్ బృందం పరీక్షించి 2006లో ఫలితాలు ప్రకటించింది. శిశువుల్లో ఈ ఎంజైమ్ సగటున తల్లుల్లో ఉన్నదానిలో నాలుగో వంతే. అందరికంటే గట్టిగా తట్టుకోగల తల్లికీ, అందరికంటే తక్కువ తట్టుకోగల శిశువుకీ మధ్య తేడా వంద రెట్లకు పైనే ఉండొచ్చని వాళ్లు అంచనా వేశారు. రెండేళ్లు నిండితే పిల్లలు పెద్దల స్థాయికి వచ్చేస్తారని అంతకుముందు అనుకునేవారు. ఆ పిల్లలనే ఇంకా కొన్నేళ్లు చూశాక, ఏడేళ్లకు కూడా చాలామంది తల్లుల స్థాయిని అందుకోలేదని తేలింది. అదే అధ్యయనంలో 2011లో వచ్చిన మరో ఫలితం నన్ను ఎక్కువ బాధపెట్టింది. కడుపుతో ఉన్నప్పుడు క్లోరిపైరిఫాస్ జాతి మందులు ఎక్కువగా సోకిన తల్లుల పిల్లలకు, తక్కువగా సోకిన తల్లుల పిల్లలకంటే ఏడేళ్ల వయసులో తెలివితేటల పరీక్షలో సగటున 7 పాయింట్లు తగ్గాయి.

అందుకే నా మొదటి మాట కడుపుతో ఉన్న ఇంటి కోడలి గురించి. మందు కలపడం, డ్రమ్ములో నీళ్లు పోయడం, కొట్టిన మరునాడే బంతిపూలో చామంతులో తెంపడం ఆమె చేత చేయించకండి. గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పూలు పొద్దున్నే చేరాలన్న తొందర నాకు తెలుసు. ఆ తొమ్మిది నెలలు ఆ పని ఇంకొకరు చేయాలి. పాలీహౌస్‌లో గులాబీ, జెర్బెరా పెంచేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. నాలుగు దిక్కులా షీటు కప్పి ఉంటుంది కాబట్టి మందు గాలి తొందరగా బయటికి పోదు. కూలికి వచ్చిన తల్లి చంటిబిడ్డను లోపల మూలకు పడుకోబెడుతుంటే, యజమానే వద్దని చెప్పి బయట నీడ చూపించాలి.

ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ నీళ్లు చెడకూడదని 1996లో 111 జీవో తెచ్చి, మొయినాబాద్, చేవెళ్ల మండలాల ఊళ్లతో సహా 84 గ్రామాలకు హద్దులు పెట్టారు. నీళ్లకు అంత జాగ్రత్త పడ్డ సీమ ఇది. పిల్లలకు హద్దు గీయాల్సింది మాత్రం ఇంటివాళ్లే. మందు కొట్టి వచ్చిన తండ్రి సబ్బుతో స్నానం చేసి, బట్టలు మార్చుకునే దాకా బిడ్డను ఎత్తుకోకూడదు. బిడ్డ ఎదురొచ్చి కాళ్లకు చుట్టుకుంటే ఆపుకోవడం కష్టమే, అయినా ఆగాలి. ఆ బట్టలను పిల్లల బట్టలతో కలిపి ఉతకొద్దు. పంపు ఇంట్లో పెట్టొద్దు. డబ్బా మీది త్రికోణం రంగు చూడండి: ఎరుపు అన్నిటికంటే ప్రమాదం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. కొట్టాక ఎన్ని రోజులు ఆగి కోయాలో కూడా ఆ చీటీ మీదే ఉంటుంది. ఆ రోజులు పాటిస్తే రైతుబజారులో కొనుక్కునే తల్లి బిడ్డకూ మేలే.

ఖాళీ డబ్బా విషయంలో బతిమాలి చెప్తున్నాను. 2013 జులైలో బిహార్‌లోని సారణ్ జిల్లాలో బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెను అంతకుముందు మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు ఉన్న డబ్బాలో పెట్టడమే కారణం. కూరగాయల మీద ఆ మందు వాడకూడదని 2005 నుంచే నిషేధం ఉంది. కడిగినా సరే, మందు డబ్బాలో నూనె గానీ నీళ్లు గానీ పోయకండి. డబ్బాకు చిల్లులు పొడిచి, ఇంకెవరూ వాడలేకుండా చేయండి.

జన్యుపరీక్ష చేయించాలా అని కొందరు అడుగుతారు. పారాక్సోనేజ్ కోసమైతే డబ్బు ఖర్చు పెట్టొద్దు. ఏ రకం అన్నది తెలిసినా, ఎంత తయారవుతోందో తెలియకపోతే సగమే తెలిసినట్టు. పైగా ఈ ఎంజైమ్ అన్ని మందులనూ విరగ్గొట్టలేదు. రిపోర్టు బాగుందన్న ధైర్యంతో బిడ్డను తోటలోకి తీసుకుపోవడం అన్నిటికంటే ప్రమాదం.

పరీక్ష నిజంగా అక్కరకొచ్చేది ఇంకో ఎంజైమ్ విషయంలో. దాని పేరు బ్యుటిరిల్‌కోలినెస్టరేజ్. మందు అణువును పట్టుకుని తానూ నిలిచిపోయి నరాలను కాపాడుతుంది. తెలుగు ఆర్యవైశ్య కుటుంబాల్లో ఇది దాదాపు లేకుండా పుట్టేవారు మిగతావారిలో కంటే ఎక్కువని 1979లోనే పరిశోధకులు రాశారు. ఎంజైమ్‌లో 307వ స్థానంలో లూసిన్ బదులు ప్రోలిన్ ఉండటమే దీనికి కారణమని కోయంబత్తూరులోని భారతియార్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2006లో చూపారు. తరతరాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకోవడంతో పాత పూర్వీకుడి మార్పు అలా నిలిచిపోయిందని హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్త తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ బృందం 2017లో వివరించింది. ఇందులో ఎవరి తప్పూ లేదు, సిగ్గుపడాల్సిందీ లేదు. తల్లిదండ్రులిద్దరిలో మారిన ప్రతి చెరొకటి ఉంటే, ఏ కాన్పులోనైనా బిడ్డ ఇలా పుట్టే అవకాశం నాలుగింట ఒక వంతు ఉంటుంది.

అలాంటి బిడ్డ మామూలుగా ఆరోగ్యంగానే ఉంటుంది. చిక్కు ఆపరేషన్ బల్ల మీద వస్తుంది. కండరాలు సడలించడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ అందరిలో నిమిషాల్లో కరిగిపోతే, ఈ పిల్లల్లో గంటల పాటు నిలుస్తుంది. అంతసేపూ యంత్రంతో ఊపిరి ఇస్తే మళ్లీ మామూలైపోతారు. ముందే తెలిస్తే డాక్టర్ వేరే మందు వాడతారు. మీ ఇంట్లో, మేనమామల ఇంట్లో ఎవరికైనా మత్తు ఇచ్చాక ఊపిరి తిరిగిరావడం ఆలస్యమైతే, ఆ మాట మత్తు డాక్టర్‌కు చెప్పి కోలినెస్టరేజ్ రక్తపరీక్ష చేయించండి. ఒకరిలో తక్కువని తేలితే తోబుట్టువులకూ చేయించి, ఆ కాగితం ఆధార్ కార్డుతో పాటు దాచండి.

బిడ్డ మీద మందు పడ్డా, మింగినట్టు అనుమానం వచ్చినా 108కి ఫోన్ చేయండి. బట్టలు తీసేసి సబ్బుతో కడగండి, వాంతి చేయించకండి, డబ్బా వెంట తీసుకుపొండి. ఆస్పత్రిలో చేసే రక్తపరీక్షల్లో ఇదే కోలినెస్టరేజ్ ఉంటుంది. పుట్టుకతోనే అది తక్కువున్న బిడ్డ అయితే, విషం ఎక్కకపోయినా అంకె తక్కువే వస్తుంది. ఆ కాగితం డాక్టర్ చేతిలో పెడితే అంకెను సరిగ్గా చదువుతారు.