గ్యాసేనా, ఇంకేమైనానా?

ప్రశ్న: మా ఆయనకు 51 ఏళ్లు. హజీరాలో కాంట్రాక్టు పని. నాలుగు నెలలుగా కడుపులో మంట, తేన్పులు. మెడికల్ షాపులో ఇచ్చే గ్యాస్ మాత్ర వేసుకుంటే తగ్గుతుంది, ఆపితే మళ్లీ మొదలు. ఇదివరకు నాలుగు రొట్టెలు తినేవారు, ఇప్పుడు ఒకటిన్నరకే కడుపు నిండిందంటారు. ప్యాంట్లు వదులయ్యాయి. నైట్ షిఫ్టుల వల్లేనంటారు. నిజమేనా?
– ఒక సోదరి, ఇచ్ఛాపూర్, సూరత్

జవాబు: మంట వరకైతే షిఫ్టుల మీదికి నెట్టేయొచ్చమ్మా. కొద్దిగా తినగానే కడుపు నిండిపోవడం, ఏ ప్రయత్నమూ లేకుండా బరువు తగ్గడం, ఈ రెండూ కలిసి వస్తే మాత్రం ఆ సాకు చాలదు. ఎండోస్కోపీ చేయించండి, వచ్చే నెలకని వాయిదా వేయకండి.

జీర్ణాశయ క్యాన్సర్‌తో చిక్కేమిటంటే, మొదట్లో అది నొప్పి పెట్టదు. పెట్టినా అచ్చం అజీర్తిలాగే ఉంటుంది. పాంటాప్రజోల్ లాంటి మాత్ర ఆమ్లాన్ని తగ్గిస్తుంది కాబట్టి క్యాన్సర్ పుండు ఉన్నా మంట చల్లారుతుంది, ఒక్కోసారి పుండు మానినట్టు కూడా కనిపిస్తుంది. అందుకే మాత్రతో తగ్గిందన్నది ధైర్యం చెప్పుకోవడానికి పనికొచ్చే రుజువు కాదు. షాపతనికి మీవారి ప్యాంటు సంగతి తెలియదు కదా!

మింగేటప్పుడు అడ్డుపడటం, వాంతులు ఆగకపోవడం, వాంతిలో రక్తం, మలం నల్లగా తారులా రావడం, అన్నం మీద, ముఖ్యంగా మాంసం మీద రోత పుట్టడం, వీటిలో ఏది ఉన్నా డాక్టరుకు చెప్పండి. రక్తం పడినా, మలం తారులా ఉన్నా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

ఎండోస్కోపీ అంటే భయపడేవాళ్లే ఎక్కువ. ఆరేడు గంటలు ఏమీ తినకుండా వెళ్తే, సన్నటి గొట్టంతో చూసే పని సాధారణంగా పది నిమిషాల్లోపే అయిపోతుంది. అనుమానం ఉన్నచోట చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. సోనోగ్రఫీ నార్మల్ అని ఎవరైనా భరోసా ఇస్తే నమ్మి ఊరుకోకండి, జీర్ణాశయం లోపలి పొర అందులో సరిగా కనపడదు. ఇలాంటి లక్షణాలతో వచ్చేవారిలో చాలామందికి పుండో, వాపో మాత్రమే తేలుతుంది. కానీ చూడకుండా ఆ మాట ఎవరూ చెప్పలేరు.

ప్రశ్న: మా బాపుకు 63. సిరిసిల్ల నుంచి వచ్చి ఇక్కడే మగ్గాల మీద పనిచేశారు. ఆయాసం వస్తుందంటే పరీక్ష చేయించాం, హిమోగ్లోబిన్ 7.5. ఐరన్ మాత్రలు రాశారు. ఇప్పుడు మలం నల్లగా వస్తోంది.
– ఒక పాఠకుడు, లింబాయత్, సూరత్

జవాబు: ఐరన్ మాత్రలతో మలం నల్లబడటం మామూలే. అయితే గట్టిగా, నల్లగా ఉండటం వేరు, జిగటగా, మెరుస్తూ, ఘాటైన దుర్వాసనతో రావడం వేరు. రెండోది రక్తం. మాత్రలకు ముందు కూడా అలా వచ్చేదా అని బాపునే అడగండి. మోకాళ్ల నొప్పులకు పెయిన్ కిల్లర్లు వాడుతున్నారేమో కూడా అడగండి, వాటితో పుండ్లు పడి రక్తం పోవచ్చు. ఏదేమైనా, ఈ వయసు మగవారిలో రక్తం ఇంతగా తగ్గిందంటే తిండి సరిపోలేదని సరిపెట్టుకోకూడదు. ఐరన్ లోపమని తేలితే జీర్ణాశయాన్నీ పెద్దపేగునూ రెంటినీ చూడాలి.

ప్రశ్న: బయాప్సీలో హెచ్. పైలోరీ అని వచ్చింది. క్యాన్సర్ వచ్చేసినట్టేనా?
– ఒక పాఠకురాలు, ఉధనా

జవాబు: కాదు. మన దేశంలో పెద్దవాళ్లలో సగానికి పైగా ఈ బ్యాక్టీరియా ఉంటుంది, క్యాన్సర్ వచ్చేది అతి కొద్దిమందికే. ఆస్ట్రేలియా వైద్యుడు బారీ మార్షల్ 1984లో దీన్ని తానే తాగి జబ్బుపడి చూపించారు. రాబిన్ వారెన్‌తో కలిసి 2005లో నోబెల్ అందుకున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 1994లోనే దీన్ని క్యాన్సర్ కారకాల్లో చేర్చింది. సాధారణంగా 14 రోజుల మందుల కోర్సు ఇస్తారు. రెండు రోజుల్లో హాయిగా ఉందని మధ్యలో మానకండి. కోర్సు అయ్యాక నాలుగు వారాలు ఆగి, పోయిందో లేదో పరీక్ష చేయించాలి. ఇంట్లో ఎవరైనా మావా, గుట్కా, బీడీ వాడితే మాన్పించండి. ఉప్పు దట్టించిన ఊరగాయ రోజూ రెండు పూటలా వద్దు.

ప్రశ్న: ఇక్కడే చూపించాలా, ఊరికి తీసుకెళ్లాలా?
– ఇచ్ఛాపూర్ నుంచి మరో పాఠకుడు

జవాబు: పరీక్ష ఇక్కడే. మజూరా గేట్ దగ్గరి న్యూ సివిల్ ఆసుపత్రిలో గానీ, కార్పొరేషన్ వారి స్మీమర్‌లో గానీ అడగండి. రైలు టికెట్ దొరికేదాకా, పండక్కి వెళ్లేదాకా ఆగొద్దు. జబ్బని తేలాక ఊళ్లో తోడుండే మనుషులున్నారనుకుంటే, హైదరాబాద్ రెడ్ హిల్స్‌లో ప్రభుత్వ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఆయుష్మాన్ కార్డు ఏ రాష్ట్రానిదైనా ముందే ఆసుపత్రి హెల్ప్ డెస్క్‌లో చూపించి, ఏది చెల్లుతుందో రాయించుకోండి. బయాప్సీ రిపోర్టుతో పాటు దాని స్లైడ్లూ బ్లాకులూ కూడా అడిగి తీసుకెళ్లండి, అక్కడ మళ్లీ ముక్క తీయాల్సిన అవసరం తప్పవచ్చు.